ఏడో అంశం

ఇంటి నుంచి
జూన్ 9

ఏమండీ,

ఇవాళ్టి పనులు: నీళ్ళ ట్యాంకు కడిగించాను. నాన్న మోకాళ్ళకి మందు తెచ్చాను. దుప్పట్లు నాలుగు ఉతికి ఆరేశాను. వాన వచ్చేసరికి మూడే తియ్యగలిగాను, నాలుగోది మళ్ళీ ఉతికాను. కరెంటు ఆఫీసులో వరసలో నిలబడ్డాను. మీరు రాస్తున్న పుస్తకంలో నాలుగో అధ్యాయం పదకొండు పేజీలు టైపు చేశాను. మిగిలింది ఈ ఉత్తరం.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకండి. అక్కడి ఫోను వరండాలో ఉందనీ, వెనక విద్యార్థులు గొంతు సవరించుకుంటూ నిలబడతారనీ మీరే చెప్పారు. పైగా ఫోన్లో మీరు నా మాట సగంలో అందుకుని మిగతా సగం మీరే చెప్పేస్తారు. కాగితం మీదైతే నన్ను చివరిదాకా వినక తప్పదు.

నాన్న రోజుకొకసారి అడుగుతున్నాడు, "మీ ఆయన ఉద్యోగం ఖాయమైందా?" అని.

"ఇంకో మూడు నెలలు చూస్తారట నాన్నా."

"ఇరవై నాలుగేళ్ళ నుంచీ చూస్తూనే ఉన్నారు కదే. ఇంకా ఏం కనబడాలిట వాళ్ళకి?"

నాకూ అదే సందేహం. ఏడాదికో రెండేళ్ళకో ఒక కాలేజీ, ఆ కాలేజీ వెనకే ఒక అద్దె ఇల్లు, ఆ ఇంటి వెనకే మీ పుస్తకాల పెట్టెలు. ఈ దైవశాస్త్ర కళాశాల వాళ్ళయినా మిమ్మల్ని చర్చి చరిత్ర చెప్పడానికి శాశ్వతంగా తీసుకుంటే, ఆ పెట్టెల తాళ్ళు విప్పి పారేస్తాను. ఇంటాయన నిన్న మళ్ళీ వచ్చాడు. డిసెంబరు దాటకుండా ఖాళీ చెయ్యాలట. గుమ్మంలో నిలబడే గదులన్నీ కళ్ళతో కొలుచుకుని వెళ్ళాడు.

చదవకుండా టైపు చెయ్యడం నాకింకా చేతకాలేదు. ఆ పాస్టర్ల సంగతి బాగుంది. ప్రభుత్వం చెప్పిన కాగితం మీద సంతకం పెట్టనందుకు చర్చిలూ ఇళ్ళూ పోగొట్టుకున్న మనుషులు, మూడున్నర శతాబ్దాల కిందటివాళ్ళు, మన వంటింటి గుమ్మంలో మూట పట్టుకుని నిలబడినట్టున్నారు. సంతకం పెట్టి మిగిలిపోయినవాళ్ళని "పొయ్యి వెచ్చదనానికి మనస్సాక్షిని అమ్ముకున్నవారు" అన్నారు చూశారూ, అక్కడ టైపు ఆపి మళ్ళీ చదువుకున్నాను.

దగ్గు తగ్గిందా?

ఇట్లు,
మీ ఇంటావిడ


కళాశాల అతిథి గృహం, పై గది
జూన్ 18

మా ఇంటి కోశాధికారి గారికి,

దగ్గు తగ్గింది. లెక్కలో రాసుకోవచ్చు.

పాఠాలు లేనప్పుడల్లా నేలమాళిగలో మైక్రోఫిల్ము యంత్రం ముందు కూర్చుంటున్నాను. పిడి తిప్పితే ఏళ్ళకేళ్ళు గిర్రున తిరిగిపోతాయి. ఆపితే ఎవరో పాస్టరు చేతిరాత తెరమీద వణుకుతుంది. వణికేది రాతో నా కళ్ళో తెలియదు. సాయంత్రానికి గోడమీద క్యాలెండరు కూడా లాటిన్‌లో ఉన్నట్టు కనిపిస్తోంది.

అసలు సంగతి. ప్రిన్సిపాల్ గారు చాలా పొడుగు మనిషి. తలుపుల దగ్గర వంగి వంగి, తలుపు లేనిచోట కూడా వంగుతారు. ఆయన మొన్న తాళంచెవి తెచ్చి ఒక ఇల్లు చూపించారు. ఖాయమైన అధ్యాపకులకి ఇచ్చేదట. కింది అంతస్తు. గుమ్మానికి ఒక్కటే మెట్టు. వెనక గదికి పెద్ద కిటికీ, కిటికీ బయట దారి, దారిన పోయే మనుషులు. అక్కడ మామయ్య కుర్చీ వేసినట్టు ఊహించుకున్నాను. మూడంతస్తులు దిగలేక ఆయన చలికాలం నుంచీ వీధి మొహం చూడలేదు కదా. వంటింట్లో నీ డబ్బాలన్నీ పట్టే అలమర ఉంది. జానలు పెట్టి కొలిచాను. ప్రిన్సిపాల్ నవ్వారు.

నిర్ణయం సెప్టెంబరులో. నా పాఠాలు నచ్చాయట. "మీది ఖాయమనే అనుకోండి" అన్నారు. ఒక్క లాంఛనం మిగిలింది. ఇక్కడ ఖాయమయ్యే ప్రతివాళ్ళూ కళాశాల విశ్వాస ప్రమాణం మీద సంతకం పెట్టాలి. పన్నెండు అంశాలు. నేను పెట్టేశాను. భార్య కూడా పెట్టాలని ఇక్కడి పాత నియమం. కళాశాల ఇళ్ళలో ఉండే దంపతులు ఒకే విశ్వాసం మీద ఉండాలని. ఆగస్టు ఇరవైన పెద్దలు నిన్ను పిలిచి కాసేపు మాట్లాడతారు, టీ ఇస్తారు, అయిపోతుంది. కాగితం జతపరిచాను. చివరి పేజీ అడుగున నీకు ఖాళీ ఉంది.

నాకు ఇక్కడ నిద్ర పట్టడం లేదు, కానీ ఈసారి సంతోషంతో.

నీ,
పెట్టెల యజమాని


ఇంటి నుంచి
జూన్ 27

ఏమండీ,

మీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. "ఒక్కటే మెట్టా? మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. ఆ పూట నుంచీ తన కుర్చీకి ఊడిన పట్టీలు బిగించుకుంటున్నాడు.

మీరు చివరి పేజీ అన్నారు. నేను మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. అద్దె ఒప్పందాలు చదివి చదివి వచ్చిన అలవాటు. మొదటి ఆరు అంశాలూ నాకు తెలిసినవే, చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో నేర్చుకున్నవే. ఏడో దాని దగ్గర ఆగిపోయాను.

"క్రీస్తును ఒప్పుకొనక మరణించువారు, తమ మనస్సాక్షి వెలుగునుబట్టి ఎంత నీతిగా బ్రదికినను, రక్షణకు వెలుపలివారై నిత్యదండనకు పోవుదురని నిస్సందేహముగా నమ్ముచున్నాను."

అంటే మా నాన్న.

మీకు కొత్తగా చెప్పేదేముంది? ఆదివారం పొద్దున్నే అమ్మకీ నాకూ బట్టలు ఇస్త్రీ చేసి, చర్చి గేటు దాకా దిగబెట్టి, ఆయన ఎదురుగా బల్లమీద కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, "దేవుడి మీద నాకు కోపం లేదు, పరిచయం లేదంతే" అనేవాడు. దర్జీగా అరవై ఏళ్ళు బతికి, ఎవరి గుడ్డలోనూ జానెడు ముక్క మిగుల్చుకోలేదు. అమ్మ మంచాన పడ్డాక మూడేళ్ళు ఆమెకి తల దువ్వింది ఆయనే.

నేను నమ్మేదాన్నే. ప్రార్థన మానలేదు. ఎవరు ఎక్కడికి పోతారో దేవుడికి తెలుసని ఒప్పుకుంటాను. నాకు తెలుసునని, అదీ నిస్సందేహంగా తెలుసునని ఎలా రాయను? ఆయన పక్కగదిలో పట్టీలు బిగించుకుంటుంటే వినిపిస్తూనే ఉంది.

మీరు ఏడో అంశం చదివే పెట్టారా? ఊరికే అడుగుతున్నాను.

మీ,
ఇంటావిడ


కళాశాల అతిథి గృహం
జూలై 6

కోశాధికారి గారికి,

చదివే పెట్టాను. నేను చదివేదే అది కదా, ముప్పై ఏళ్ళుగా.

కాస్త ఓపికగా విను. ఇలాంటి అంశాలు పోట్లాటల వేడిలో పుట్టాయి. చర్చి సంస్కరణ మొదలైన రోజుల్లో ఒక పెద్ద సంస్కర్త, క్రీస్తు పేరే వినని పాతకాలపు సజ్జనులు కూడా పరలోకంలో కనిపిస్తారని రాశాడు. అది చదివి ఇంకో పెద్ద సంస్కర్త, ఈయన క్రైస్తవుడే కాదని మండిపడ్డాడు. ఆ మంట ఇంకా ఈ కాగితంలో కాస్త మిగిలింది, అంతే. "నిస్సందేహముగా" అన్నది ఆనాటి రాతతీరు. తరవాతి కాలంలో ఎంతోమంది మంచివాళ్ళు ఇలాంటి వాటిమీద సంతకం పెడుతూ, "ఇది సంఘం మాట, నా గుండె చెప్పే తీర్పు కాదు" అని లోపల అనుకున్నారు. నేనూ అలాగే అనుకుని పెట్టాను. నువ్వూ అనుకో. ఎవరూ లోపలికి తొంగి చూడరు.

నాలుగో అధ్యాయం తిరగరాసి పంపుతున్నాను. సంతకం పెట్టినవాళ్ళ మీద మొదట కాస్త దురుసుగా రాశానని తోచింది. పాతది తీసేసి ఇది టైపు చెయ్యి.

ఇంకో మాట. మామయ్య ఒప్పుకుంటే మన పాస్టరు గారు ఇంటికే వచ్చి బాప్తిస్మం ఇస్తారు. పావుగంట పని. అప్పుడు ఏడో అంశం ఆయనకి తగలనే తగలదు. నెమ్మదిగా అడిగి చూడు.

నీ,
పెట్టెల యజమాని


ఇంటి నుంచి
జూలై 16

పండితులవారికి,

అడిగాను. నెమ్మదిగానే అడిగాను. నాన్న దిండుగలీబుకి చిరుగు కుడుతున్నాడు.

"ఎవరి ఆలోచనే ఇది?"

"ఆయనదే."

దారం కొరికి, సూది గుచ్చి పెట్టాడు. "ఇన్నేళ్ళూ మనిషికి తగ్గట్టు గుడ్డ కత్తిరించానే గానీ, గుడ్డకి తగ్గట్టు మనిషిని కత్తిరించలేదు. నాకు కొలతలు తియ్యొద్దని చెప్పు అల్లుడికి."

గలీబు మడతపెడుతూ మళ్ళీ ఆయనే, "అయినా నువ్వు సంతకం పెట్టెయ్యవే. నేనెక్కడికి పోవాలో ఆ కాగితం చూసి ఎవరూ బండి కట్టరు. పోయేలోపు ఆ కిటికీ దగ్గర నాలుగేళ్ళు కూర్చోనీ" అన్నాడు.

"నిన్ను నరకానికి రాసిచ్చి, నీ కుర్చీ కిటికీ దగ్గర వెయ్యమంటావా?"

"గాలి బాగా వస్తుందా అక్కడ?"

"ఎక్కడ?"

"రెండు చోట్లా."

నవ్వాను. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళాను గానీ, ఆ పూట చెయ్యి ఏ పని మీదా నిలవలేదు. ఆయన వేళాకోళమాడుతూనే నా మొహం చూస్తున్నాడు. పెట్టమన్నది నాకోసం, మీకోసం. తనకోసమైతే కిటికీ మాట ఎత్తడు.

ఇక మీ అధ్యాయం. పొయ్యి వెచ్చదనానికి అమ్ముకున్నవాళ్ళు కనబడలేదు. ఆ చోట "కుటుంబభారం ఎరిగిన వివేకులు" కూర్చున్నారు. జూన్‌లో అమ్ముకున్నవాళ్ళు జూలైకి వివేకులెలా అయ్యారండీ? ఈ నెలలో మీకు కొత్తగా దొరికిన ఆధారం ఆ వంటింటి అలమర ఒక్కటే. నేను టైపు చెయ్యలేదు. పక్కన పెట్టాను.

ఆగస్టు ఇరవైకి వస్తాను. పదకొండు అంశాలు ఒప్పుకుంటున్నాననీ, ఒకటి ఒప్పుకోలేననీ ఆ పెద్దలకి చెబుతాను. మర్యాదగానే చెబుతాను. ఆ పైన వాళ్ళ ఇష్టం.

మీ ఇంటావిడ


కళాశాల అతిథి గృహం
జూలై 25

నీకు,

పొద్దున్నుంచీ ఈ ఉత్తరం రాస్తున్నాను, చింపుతున్నాను. గదిలో నడవడానికి ఉన్న చోటంతా నడిచాను.

నువ్వనుకునేది వేరు, ఇక్కడ జరిగేది వేరు. వాళ్ళు పన్నెండుకి పదకొండు మార్కులు వేసి గట్టెక్కించరు. ఒకటి కాదంటే మొత్తం కాదన్నట్టే లెక్క. నన్ను చూడు. యాభై రెండేళ్ళు. సంస్కరణ కాలపు దైవశాస్త్రం, చర్చి చరిత్ర తప్ప నాకింకేమీ రాదు. నా శాస్త్రానికి ఉన్న కుర్చీలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాటిలో కూర్చున్నవాళ్ళు లేవరు. ఒకటి ఖాళీ అయింది, అది నాకు ఇస్తామంటున్నారు. ఇది జారిపోతే ఇంకొకటి రాదు. ఇలా అంటున్నందుకు సిగ్గుగానే ఉంది, అయినా ఇది నిజం.

మామయ్యే పెట్టమంటుంటే నీకెందుకింత పట్టుదల? ఆయన పేరు చెప్పి కాదంటున్నావు. ఆ కాదనడానికి మూల్యం ఇచ్చేది కూడా ఆయనే, ఆ మూడంతస్తుల మీద కూర్చుని. అది ఆలోచించావా?

అలమర మాట అనకుండా ఉండాల్సింది. నేను ఆ పేజీలు అలమర కోసం మార్చలేదు. మార్చానేమో నాకే తెలియదు. ఇప్పుడు ఆ పేజీలు తీస్తే నాకు నీ గొంతు వినిపిస్తోంది. పని సాగడం లేదు.

నువ్వు రాకు. ఒంట్లో బాలేదని చెబుతాను.


ఇంటి నుంచి
ఆగస్టు 3

ఏమండీ,

అలమర మాట అన్నందుకు నాకూ మనసు బాగాలేదు. కానీ వెనక్కి తీసుకోను.

రోజూ చేసే పనులే తలకిందులవుతున్నాయి. నిన్న పంచదార డబ్బాలో ఉప్పు పోశాను. నాన్న టీ ఒక గుటక తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు. మెట్లు దిగుతున్నప్పుడల్లా మీ మాటే వినిపిస్తోంది, మూల్యం ఇచ్చేది ఆయనే అని. నిజమే. అది నిజమైనంత మాత్రాన, నమ్మనిదాన్ని నమ్ముతున్నానని రాయడం సబబు అయిపోదు కదా.

నాకు భయంగా ఉంది. నలుగురు పెద్దల ముందు మాట్లాడిన మనిషిని కాను. ఏ చీర కట్టుకోవాలో కూడా తేలడం లేదు. అయినా రైలు టికెట్టు తీశాను. పక్కింటావిడ నాన్నని రెండు రోజులు చూసుకుంటానంది.

ఒంట్లో బాలేదని చెప్పకండి. నాకు బాగానే ఉంది.

మీ,
ఇంటావిడ


కళాశాల అతిథి గృహం
ఆగస్టు 12

కోశాధికారి గారికి,

శుభం. నువ్వు రానక్కరలేదు. ఇక్కడ సర్దుబాటు అయిపోయింది. టికెట్టు వెనక్కి ఇచ్చెయ్యి, పెద్దగా పోయేదేమీ ఉండదు.

వానలు బాగా పడుతున్నాయి. నేలమాళిగలో చెమ్మ ఎక్కిందని మైక్రోఫిల్ము యంత్రాన్ని పైకి మార్చారు. దాని బెల్టు తెగితే బాగుచేసేవాడు వచ్చి, "దీనిలో ఏం చూస్తారు సార్, సినిమాలా?" అన్నాడు. పాస్టర్లని చూస్తామన్నాను. జాలిపడ్డాడు. ప్రిన్సిపాల్ గారు కొత్త షెడ్డు గుమ్మానికి తల కొట్టుకున్నారు. వంగాల్సిన చోట మాత్రం మరిచిపోయారు.

నీ మనసుకి నచ్చనిది నువ్వేదీ చెయ్యలేదు. అది గుర్తుపెట్టుకో. మిగతా వివరాలు కలిసినప్పుడు. మామయ్యకి నమస్కారాలు.

నీ,
పెట్టెల యజమాని


ఇంటి నుంచి
ఆగస్టు 24

అయ్యా,

మిగతా వివరాలు మీరు చెప్పక్కర్లేకుండా అందాయి. ప్రిన్సిపాల్ గారి భార్య ఉత్తరం రాసింది. మంచావిడలా ఉంది. ఆమె మాటలు అలాగే దింపుతున్నాను.

"తండ్రిగారి అనారోగ్యం వల్ల మీరు రాలేకపోయారని తెలిసి అందరం ప్రార్థన చేశాము. కుటుంబ యజమానిగా మీ వారే మీ పక్షాన సంతకం చేయడం పెద్దలకు తృప్తి కలిగించింది. ఇంటి కిటికీల కొలతలు పంపుతున్నాను. పరదాలు కుట్టించుకోవడానికి పనికొస్తాయి."

కవరు చింపింది నాన్న ముందే. చదవబోయి ఆగాను. "చదవవే" అన్నాడు. చదివాను. ఇరవై ఆరేళ్ళుగా మీ సంగతి ఏది చెప్పినా ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి, కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు.

నన్ను అడక్కుండా మీరు చాలా చేశారు. ఉద్యోగాలు వదిలారు, ఊళ్ళు మార్చారు. నేను పెట్టెలు కట్టాను. అవన్నీ సర్దుకున్నాను, ఎందుకంటే వాటిలో కష్టం ఉంది గానీ అబద్ధం లేదు. ఇది అలాంటిది కాదు. నేను నోరు తెరిచి కాదన్న మాట కింద, నేను టికెట్టు తీసుకుని చెప్పడానికి వస్తున్న మాటకి ఎదురుగా, నా పేరు రాశారు. పైగా నా మనసుకి నచ్చనిది నేనేదీ చెయ్యలేదని నాకే భరోసా ఇచ్చారు.

మీరు లోపల ఒకటనుకుని బయట పెట్టిన సంతకం మీది. దాని సంగతి మీరూ దేవుడూ చూసుకోండి. నాది నాకు వెనక్కి ఇవ్వండి. అంతవరకూ నేను రాయను.

కింద నాన్న రాయమన్నది, మాట మార్చకుండా:

అల్లుడూ, నన్ను నరకానికి పంపినా నేనేమనుకోను. పంపేదేదో నువ్వే పంపు. దాని చేత పంపించకు.


కళాశాల అతిథి గృహం
ఆగస్టు 31

నీకు,

నువ్వనుకున్నంత ఘోరమేమీ జరగలేదు. నిన్ను పిలిపించడం కష్టమని నేననగానే, "ఇంటి పెద్దగా మీరు పెట్టినా సరే" అని వాళ్ళే అన్నారు. ఇది వాళ్ళు కొత్తగా కనిపెట్టిందీ కాదు. నేను చదివే కాలంలో ఇంటివాళ్ళందరి విశ్వాసానికీ ఇంటి యజమానే పూచీ. పిల్లలకీ పనివాళ్ళకీ మతబోధ ప్రశ్నోత్తరాలు వల్లె వేయించేది అతనే, వాళ్ళ తరఫున జవాబు చెప్పేదీ అతనే. దీనిమీద నా మొదటి పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది.

కలం చేతిలో ఉంది. కాగితం ఎదురుగా ఉంది. ఆలోచించకుండా పెట్టానని చెబితే నీకు కాస్త నయమనిపించేదేమో. ఆలోచించే పెట్టాను. నీ భయం తీరుతుంది, మామయ్యకి కిటికీ వస్తుంది, నాకు కుర్చీ వస్తుంది అనుకున్నాను.

రాయకుండా ఉండకు. తిట్టయినా రాయి.


కళాశాల అతిథి గృహం
సెప్టెంబరు 11

నీకు,

నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. టపా వచ్చే వేళకి మెట్లమీద నిలబడడం అలవాటైంది. ఇక్కడి గుమాస్తా నన్ను చూడగానే దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపేస్తున్నాడు.

నిన్న తరగతిలో నాలుగో అధ్యాయం చెప్పాను. ఇళ్ళు వదిలి వెళ్ళిన పాస్టర్ల సంగతి. ముందు బల్లమీద కూర్చునే అమ్మాయి లేచి, "సార్, వాళ్ళ భార్యలు కూడా సంతకం పెట్టాలా?" అని అడిగింది.

"అక్కర్లేదు. భార్యల్ని ఎవరూ అడగలేదు" అన్నాను.

"మరి మన కాలేజీలో అడుగుతారట కదా సార్. ఆ లెక్కన మనం వాళ్ళకన్నా నయమే."

తరగతంతా నవ్వింది. నేను సుద్దముక్క తీసుకుని బోర్డువైపు తిరిగాను. రాయడానికి ఏమీ లేదు. నియమం ఎలాంటిదైనా వాళ్ళు నిన్ను అడిగారు. అడగకుండా చేసింది నేను. గంట కొట్టేదాకా అటే నిలబడి ఏవో తేదీలు వేశాను. ఆ తేదీలకి అర్థం లేదని పిల్లలకి తెలిసే ఉంటుంది.

అక్కణ్ణించి నేరుగా రిజిస్ట్రారు గదికి వెళ్ళి ఆ కాగితం అడిగాను.

"ఏం సార్, తేదీ తప్పు పడిందా?"

"పేరు తప్పు పడింది."

ఆయన కంగారుపడి ప్రిన్సిపాల్ గారిని పిలిచాడు. ఆయన వంగి లోపలికి వచ్చారు. చెప్పాను: మా ఆవిడకి ఏడో అంశం మీద అభ్యంతరం, అది మొదటినుంచీ ఉంది, మా మామగారు ఆరోగ్యంగానే ఉన్నారు, మీకు నేను అబద్ధం చెప్పాను.

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఎవరికీ తెలియదు కదండీ. నెలాఖరుకి అయిపోయేదాన్ని ఇప్పుడెందుకు కదపడం?"

"ఆవిడకి తెలుసు సార్."

"మరి మీ సంతకం?"

"అది నేను పెట్టుకున్నది. ఉండనివ్వండి."

"ఒక్క సంతకంతో నేను ఖాయం చెయ్యలేను. ఇల్లూ ఇవ్వలేను. మీకు తెలుసుగా?"

తెలుసన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "మా ఆవిడ కూడా ఏడో అంశం దగ్గర చాలాసేపు ఆగిందండీ. వాళ్ళన్నయ్య ఉండేవాడు" అన్నారు. తరవాత ఏం జరిగిందో చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఆయన ప్రిన్సిపాల్ అయ్యారు.

రిజిస్ట్రారు కాగితం తెచ్చి బల్లమీద పెట్టి, "స్కేలు కావాలా సార్?" అన్నాడు. వద్దన్నాను. నీ పేరు నేనే కొట్టేశాను. పక్కన "ఈమె సమ్మతి లేకుండా నేను వ్రాసినది" అని రాసి, తేదీ వేశాను. నకలు జతపరిచాను.

డిసెంబరు సెలవులదాకా పాఠాలు చెప్పమన్నారు. ఆ తరవాత ఇంటికి రావడమే. ఎక్కడికి రావాలో నువ్వు చెప్పాలి, ఇంటాయన గడువు కూడా అప్పుడే కదా. నాలుగో అధ్యాయం మళ్ళీ మొదటికొచ్చింది. జూన్‌లో రాసిన వాక్యం రాయలేను, జూలైలో రాసిందీ ఉంచలేను. సంతకం పెట్టినవాడి చెయ్యి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుసు. దాన్ని తిట్టాలో ఓదార్చాలో తెలియక పేజీ ముందు కూర్చుంటున్నాను, లేస్తున్నాను.

మామయ్యకి ఎలా చెబుతావో.


ఇంటి నుంచి
సెప్టెంబరు 20

ఏమండీ,

నాన్నకి మీ ఉత్తరం మొత్తం చదివాను. రిజిస్ట్రారు స్కేలు దగ్గర నవ్వాడు.

"అయితే కిటికీ పోయిందన్నమాట."

"పోయింది నాన్నా."

"అల్లుడొస్తున్నాడా?"

"డిసెంబరులో."

"మంచిది. మెట్లమీద ఒక పక్క నువ్వు పట్టుకో, ఒక పక్క అతను పట్టుకుంటాడు. వీధి చూసి వస్తాను. రావడానికి అతని ఒప్పుదల తీసుకో, నువ్వే సంతకం పెట్టెయ్యకు."

కుర్చీ మళ్ళీ ఇటు తిప్పుకున్నాడు.

ఇళ్ళు చూస్తున్నాను. ఒకటి చీకటి, ఒకటి మన చేతికందదు, ఒకటి ఇంకా పై అంతస్తు. ఇంకా తిరగాలి. మీ ఉద్యోగం తలుచుకుని చేతిలో ఉన్న డబ్బు మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతున్నాను. నేను చేసింది సరైనదేనా అని రోజుకు రెండుసార్లు అనుకుంటున్నాను. మార్చుకోవాలని మాత్రం అనిపించలేదు. కోపం పూర్తిగా పోలేదని కూడా రాస్తున్నాను, దాచడమెందుకు? మీరొచ్చాక కూడా కొన్నాళ్ళు ఇంట్లో తిరుగుతుంది. దానికి అడ్డు రాకండి, అదే పోతుంది.

నాలుగో అధ్యాయం ఎలా రాయాలో నన్నడక్కండి, నాకు తెలియదు. రాసినప్పుడు పంపండి, టైపు చేస్తాను.

కాగితం నకలు అందింది. గుమ్మం వెలుతుర్లో నిలబడి చూశాను. గీత వంకరపోయింది. నా పేరు రెండుసార్లు కొట్టారు. రెండోది అక్కర్లేదు, మొదటి గీతకే పోయింది. మీ నుంచి నాకు తిరిగి రావలసిన సంతకం ఒకటి, ముట్టినది. చెల్లు.